ఏటవతలి సాక్షి

“ఇన్న బిడ్డా. మంచిగ ఇన్న. ఇంకెన్నిసార్ల చెప్పాలె?”

రాజలింగం మూడోసారి కూడా అవే మాటలు, అదే వరసలో, అంతే గట్టిగా చెప్పాడు. పెళ్లి సంబంధాల వాకబు చేసి బతికే మల్లిక ఫోనులో రికార్డింగు ఆపేసింది. మొదటిసారి చెప్పినదానికీ ఇప్పుడు చెప్పినదానికీ ఒక్క పొల్లు తేడా లేదు. అబద్ధం చెప్పేవాడైతే ఎక్కడో ఒకచోట తడబడతాడు, కొత్త ముక్క కలుపుతాడు, పాతది మింగేస్తాడు. ఈయన తడబడడు. అదే ఆమెకు ఒళ్లు మండిస్తోంది.

భివండి కామత్‌ఘర్‌లోని ఆ చాలీలో కింది అంతస్తంతా మరమగ్గాలు, కార్మికుల మాటలో సాంచెలు; పైన వరసగా ఒంటిగది ఖోలీలు. గది నేల సన్నగా అదురుతోంది. ఆ మోతలో మాట వినపడాలంటే అరవాలి. పొద్దుటి నుంచి అరిచి అరిచి మల్లిక గొంతు గీరుకుపోయింది.

“మళ్లొక్కసారి, కాకా. నువ్వు యాడ కూసున్నవు?”

“ఏటికి అవుతల. గుహలకు ఎదురుంగ. సాంచెలకు సుట్టీ గద, గాలం ఏసుకొని కూసున్న.”

“ఎన్ని గంటలకు?”

“నమాజు ఇడిసినంక బయలెల్లిన. మూడు అయ్యుంటది.”

“ఏం ఇన్నవు?”

“సేట్ మస్తు గుస్స మీద ఉన్నడు. ‘గింత పెద్ద ముచ్చట నాకు చెప్పకుంట దాస్తరా? ఇగ చాలు. రేపటిసంది నడువది’ అన్నడు.”

“మరి బెంజమిన్ ఏమన్నడు?”

“వాడేమన్నడో ఇనలే.”

“ఇద్దరు ఒక్క తాన నిలవడి కొట్లాడితే ఒక్కని మాటనే ఎట్ల ఇనవడ్తది?”

“ఇనవడ్డదే చెప్తున్న. ఇనవడంది ఎట్ల చెప్పాలె?” అన్నాడు రాజలింగం విసుగ్గా.

ఈ ఒక్క ముసలాయన మాట మీద ఒక మనిషి బతుకు ఆగి ఉంది. పోయిన శుక్రవారం విశ్వేశ్వరరావు సేట్ ఊరవతల, నది పక్కనున్న బౌద్ధ గుహల కింద, రాళ్ల మీద శవమై దొరికాడు. శాంతి నగర్‌లో రెండంతస్తుల మగ్గాల షెడ్డు ఆయనది. వారమంతా ఆ మోతలో ఉండే మనిషి కాబట్టి సుట్టీ రోజున ఒక్కడే ఆ గుహకు పోయి, బుద్ధుడి ముందు కాసేపు ఊరికే కూర్చుని వచ్చేవాడు. అందరికీ తెలిసిన అలవాటు. ఆరోజు పొద్దున, రాత్రి పాళీ మగ్గాలు సుట్టీకి ఇంకా ఆగకముందే, షెడ్డులో మగ్గాలు బాగుచేసే జాబర్ బెంజమిన్ సేటుతో గట్టిగా వాదించడం పదిమంది చూశారు. సాయంత్రానికి బెంజమిన్ ఠాణాలో ఉన్నాడు. తన దొంగతనాన్ని సేటు పట్టుకున్నాడని, అది బయటపడకుండా బెంజమినే ఆయన్ని గుహ అంచు నుంచి తోసేశాడని కేసు. సేటు తరఫున షెడ్డు నడిపే అల్లుడు సచిన్ పెట్టుకున్న డిటెక్టివు ఓంప్రకాష్ ఆ దొంగతనం ముచ్చట పట్టుకొచ్చాడు, ఆ షెడ్డులోనే మగ్గం నడిపే రాజలింగాన్నీ ఆయనే పట్టుకొచ్చాడు.

రేపు పదకొండింటికి రాజలింగం మేజిస్ట్రేటు ముందు నిలబడి ఈ మాటలే చెప్తాడు. ఆ తర్వాత బెంజమిన్‌ను బయటికి తేవడం ఎవరి వల్లా కాదు.

రాజలింగం భార్య దుర్గవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి, మొగుడి ముందుకు వచ్చి నిలబడి, “చాయ్ ఇంక పొయ్యాల్నా?” అని అడిగింది. ఆయన తల ఊపాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కింద మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. చెవుల మీంచి దుప్పటి తీసినట్టయింది. మల్లిక హాయిగా ఊపిరి పీల్చుకుని, కిటికీ దగ్గరున్న సంచి తీసుకుంటూ మామూలు గొంతుతో అడిగింది.

“కాకా, నాతోటి గుహల దాక వస్తవా?”

రాజలింగం చాయ్ తాగుతూ గోడకేసి చూస్తున్నాడు.

“నిన్నే, కాకా.”

జవాబు లేదు. మొండివాడు, అనుకుంది మల్లిక. దుర్గవ్వ భుజం తట్టాక తల తిప్పాడు. ఇంకోసారి అడిగితే, “పోదాం పా. నాకు రాత్రి పాళి. పొద్దుగూకకముందు తోలకరా,” అన్నాడు కరెంటు ఉన్నప్పటి గొంతుతోనే.

మెట్ల కింద క్రిస్టినా నిలబడి ఉంది. బెంజమిన్ భార్య. మొగుణ్ణి విడిపించమని వారం నుంచి మల్లిక వెంటే తిరుగుతోంది.

“ఏమన్నడక్కా?”

“అదే అన్నడు.”

క్రిస్టినా పైట చెంగు వేలికి చుట్టుకుంది. “ఆ కాక చేతి కింద్నే మా ఆయన పని నేర్చుకున్నడక్కా. అబద్ధం ఆడెటోడు కాదు. గందుకే నాకు భయమైతాంది.”

“సాయంత్రం ఫోన్ చేస్త,” అని మల్లిక ఆటో పిలిచింది.

*

గుహల కింద ఆటో దిగేసరికి ఓంప్రకాష్ మోటారుసైకిలు అక్కడ నిలబడి ఉంది. మల్లికకు వెనక్కి తిరిగి వెళ్లిపోవాలనిపించింది. ఈ వారంలో ఆమె ఏ తలుపు తట్టినా ఆయన అప్పుడే తట్టి వెళ్లాడు. షెడ్డు కాపలావాడి దగ్గరా అంతే, ఆసుపత్రిలోనూ అంతే. ఠాణాలోనైతే ఆయన లోపల కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతుంటే ఆమెను పొద్దంతా బయట బెంచీ మీద కూర్చోబెట్టి పంపేశారు. పోలీసు నౌకరీ నుంచి రిటైరైనా భివండి తెలుగువాళ్లు ఆయన్ని ఇంకా హవల్దార్ అనే పిలుస్తారు.

రాతిలో తొలిచిన మెట్లు ఎక్కితే రెండు స్తంభాల వసారా. దాని వెనక చీకటి గది. గది చివర గోడలో బుద్ధుడు, కాళ్లు కిందికి దించి, కుర్చీలో కూర్చున్నట్టు ఉన్నాడు. ముఖం అరిగిపోయింది, చేతులు మాత్రం నిలిచాయి. పాదాల దగ్గర కరిగిన కొవ్వొత్తులు, వాడిన బంతిపూలు.

“ఏం మల్లికమ్మా, పెండ్లిపిలగాని ఎంక్వయిరీకి వచ్చినవా?” ఓంప్రకాష్ స్తంభానికి ఆనుకుని నవ్వాడు. “నీ పని గదే గద. గని గీ పిలగాడు పెండ్లికి ఒప్పుకోడు. ఎప్పటిసందో గట్లనే కూసున్నడు.”

“ఈయనకు పెండ్లయింది హవల్దార్ సాబ్. ఇడిసిపెట్టి వచ్చిండు. మీకు బడిల చెప్పలేదా?”

వెనకాల మెట్లెక్కి వస్తున్న రాజలింగాన్ని చూడగానే ఓంప్రకాష్ నవ్వు ఆగిపోయింది.

“సాక్షిని ఎందుకు తెచ్చినవ్? బెదిరిస్తున్నవని ఠాణాకు ఒక్క ఫోన్ కొడితే చాలు.”

“కొట్టున్రి. బెదిరిచ్చినోన్ని ఆటోల పక్కన కూసోవెట్టుకొని, తొవ్వ పొడుగుత పల్లీలు తిన్నడని గూడ చెప్పున్రి.”

“నీ నోరు మంచిగనే ఉంది. పనే లేదు,” అన్నాడు ఓంప్రకాష్. “చూస్కో. ఏం చూస్తవో చూస్కో. నేను గూడ ఇయ్యాలనే మొదటిసారి వచ్చిన. ఏమున్నది ఈడ? గబ్బిలాలు తప్ప.”

ఆయన లోపలి గదిలోకి నడిచాడు. మల్లిక వెనకే పోతూ గుమ్మం దగ్గర కాలికి ఏదో తగిలి ముందుకు తూలింది. వెలుతురు అందని చోట ఒక రాతిగట్టు అడ్డంగా ఉంది. ఓంప్రకాష్ దాన్ని ఎప్పుడు దాటాడో దాటి అవతల నిలబడ్డాడు. “పైలంగ నడువు, చెల్లె,” అన్నాడు. మల్లిక మోకాలు రాసుకుంటూ పళ్లు కొరికింది. ఈయనకు అడుగు కూడా తప్పదు.

ఫోను లైటు వేసి నేల మీద తిప్పింది. గబ్బిలాల పెంట నల్లగా, గోడ నుంచి గోడ దాకా పరుచుకుని ఉంది. పైన కప్పులో అవి కిచకిచలాడాయి. వెలుతురు బుద్ధుడి పాదాల దాకా పోయి, వెనక్కి వస్తూ, గది మధ్యలో ఆగింది.

అక్కడ ఒక చాప పరిచేటంత మేర బండ శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా కాదు. పైన కొత్త పెంట పలచగా, ఆవాలు చల్లినట్టు పడి ఉంది. చుట్టూ ఉన్నది ఏళ్ల నాటి మందం, ఇక్కడ ఉన్నది ఐదారు రోజులది.

“ఇదేంది?” అంది మల్లిక.

“ఏముంది, పూజకు వచ్చినోళ్లు కడుక్కున్నరు.”

“పూజకు కడిగెటోళ్లు విగ్రహం కాళ్లు కడుగుతరు, మెట్లు కడుగుతరు. పాదాల మీద మైనం అట్లనే ఉంది. పూలు అట్లనే ఉన్నయి. నట్టనడుమ ఒక్క తావు కడిగి పోతరా?”

ఓంప్రకాష్ ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

“సేట్ ఈడ పడ్డడు,” అంది మల్లిక. “రాళ్ల మీద కాదు. ఈడ ఎవరో తల మీద కొట్టిన్రు. తర్వాత బయటికి ఈడ్చుకపోయి కింద పడేసిన్రు. నెత్తురు కడగనీకి ఏటి నీళ్లు ఉండనే ఉన్నయి. కొట్లాటల చెయ్యిజారి తోసినోడు నీళ్లు మోసుకొచ్చి బండ కడుగుతడా?”

“రక్తం రాళ్ల మీద ఉన్నది. పంచనామాల ఉన్నది.”

“ఈడ ఎందుకు చూడలే మరి?”

“నీకు చెప్పాల్నా?” ఓంప్రకాష్ గొంతు గుహలో ఖంగుమంది. “పో, గీ ముచ్చట పోయి ఠాణాల చెప్పు. గేటు లోపలికి రానిస్తరా నిన్ను? పెంట పలచగున్నది సార్, కాబట్టి జాబర్‌ను ఇడిసిపెట్టున్రి అంటవా? కోర్టు నీ లెక్క గబ్బిలాల పెంట చూడది. మనిషి నోటి మాట చూస్తది. నా తాన మనిషి ఉన్నడు. నీ తాన ఏమున్నది?”

మల్లికకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, కోపం. ఎందుకంటే ఆయన అన్నది నిజం. ఫొటోలు తీసింది, కానీ అవి చూసేవాళ్లు ఎవరూ లేరు. రేపు పదకొండింటికి రాజలింగం “ఇన్న” అంటాడు. అంతే.

“కాక కూసున్న తావు చూస్త,” అంది వసారాలోకి వస్తూ.

“చూడు. నాకేం?” ఓంప్రకాష్ మణికట్టు తిప్పి గడియారం చూసుకున్నాడు. “నేను ఈడ్నే ఉంట. ఎట్లనన్న మళ్ల ఇటే రావాలె మీరు. ఆనకట్ట ఒక్కటే తొవ్వ.”

*

నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట మీదుగా ఇద్దరూ అవతలి ఒడ్డుకు చేరారు. నీళ్లు కాళ్ల మీంచి పారుతున్నాయి. మల్లిక రెండుసార్లు జారబోతే రాజలింగమే చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత ఒడ్డు వెంట పైకి నడిచి ఒక నల్లటి బండ మీద కూర్చున్నాడు.

“గిదే. గీడ్నే.”

మల్లిక ఆయన వెనక నిలబడి ఎదురుగా చూసింది. అక్కడ నది సన్నబడింది. మగ్గాల షెడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎంతో, అంత దూరంలో గుహ వసారా కనిపిస్తోంది. మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా స్తంభాల మధ్య పడుతోంది. ఓంప్రకాష్ చొక్కా జేబులోంచి ఫోను తీయడం కూడా తెలుస్తోంది. చూపుకు ఏ అడ్డూ లేదు.

కానీ చప్పుడు! సన్నబడిన చోట నీళ్లన్నీ రాళ్ల మీంచి దూకుతున్నాయి. కింద మగ్గాలు ఆడుతున్న ఖోలీలో కూడా ఇంత మోత లేదు. వసారాలో నిలబడి ఓంప్రకాష్ చెయ్యెత్తి ఏదో అరిచాడు. వెక్కిరింపే అయి ఉంటుంది. ఒక్క ముక్క కూడా ఇటు రాలేదు.

మల్లిక వెనకనుంచే ఆయన మీదికి వంగింది. “కాకా, ఈ మోతల నీకు సేట్ మాట ఎట్ల ఇనవడ్డది?”

రాజలింగం నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

“కాకా!” అని కేకేసింది. ఆయన మెడ కూడా కదల్లేదు.

పొద్దున ఖోలీలో కరెంటు పోయినప్పుడు కూడా ఇలాగే కూర్చున్నాడు. అప్పుడు మొండితనం అనుకుంది. ఇంత చిన్న సంగతి ఇంతసేపు తనకు తట్టనందుకు తనను తాను చెంప మీద కొట్టుకోవాలనిపించింది. ఆమె తల్లి పదేళ్లు షెడ్డులో కండెలు చుట్టింది. బడి నుంచి అన్నం డబ్బా తీసుకుని పోతే, అంత మోతలో తల్లి ఆ కొసనున్న ఆడవాళ్లతో నవ్వుతూ తుళ్లుతూ ముచ్చట్లు పెడుతుండేది. గొంతు ఎత్తేది కాదు. ఎత్తి లాభం లేదు. పెదవులు కదిపితే చాలు, ఆ కొసనున్న వాళ్లకు అందేది.

మల్లిక బండ చుట్టూ తిరిగి ఆయన ముందుకు వచ్చింది. నాలుగడుగులు వెనక్కి వేసింది. గొంతు అసలు విప్పకుండా, పెదవులు మాత్రం కదిపింది. పొద్దున దుర్గవ్వ ఏం కూర వండింది?

“బెండకాయ,” అన్నాడు రాజలింగం. “గది గిప్పుడెందుకు?”

మల్లిక అక్కడే రాళ్ల మీద కూలబడి నవ్వింది. వారం రోజుల తర్వాత వచ్చిన నవ్వు. ఎంతకీ ఆగలేదు.

“ఏంది బిడ్డా, ఏమైంది?”

“కాకా, నీకు చెవులు ఇనవడయా?”

“యాడియి చెవులు? సాంచెల మీదనే పోయినయి. నా ఒక్కనియేనా, అందరియి పోయినయి. మేం గిట్లనే మాట్లాడుకుంటం, గిట్లనే ఇంటం.”

“పోలీసోళ్లకు చెప్పినవా గీ సంగతి?”

“వాళ్లు అడుగలే గద.”

కొత్త సంగతేమీ కాదన్నట్టు చెప్పాడు. ముప్పై ఏళ్లుగా ఆయన లోకాన్ని అలాగే వింటున్నాడు. వినడానికి ఇంకో పద్ధతి ఉంటుందని ఆయనకు గుర్తే లేదు.

“అంటే సేట్ మూతి చూసి చెప్పినవు,” అంది మల్లిక మెల్లగా, ఒక్కో మాటా విడదీసి. “సేట్ మొఖం నీ దిక్కు ఉన్నది. ఆ రెండోవాడు నీకు వీపు పెట్టి నిలవడ్డడు. గందుకే వాని మాట నీకు అందలే.”

“ఆ.”

“వీపు ఒక్కటే చూసినవు. మరి బెంజమిన్ అని ఎట్ల చెప్పినవు, కాకా?”

రాజలింగం చూపు దించుకున్నాడు. “ఠాణాకు పోయెసరికి ఆ పిలగాన్ని ముందల నిలవెట్టిన్రు. మొఖం చూపెట్టి ‘వీడేనా’ అన్నడు హవల్దార్. పోలీసోళ్లు ఊకెనే పట్కొస్తరా, వాళ్లకు ఎర్కనే ఉంటది అనుకున్న. ఆ అన్న.” గడ్డం గోక్కున్నాడు. “పొద్దుగాల ఇద్దరు షెడ్డుల లొల్లి పెట్టుకున్నరు గద. గట్ల గూడ అనుకున్న.”

“సేట్ ఇంకేమన్న అన్నడా? నువ్వు చెప్పిన మాటల తర్వాత?”

ఈసారి ఆయన ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. అంటే ప్రశ్న అందింది.

“కాకా. రేపు నువ్వు నిలవడి వాని పేరు చెప్తే వాడు మళ్ల బయటికి రాడు. నీ చేతి కింద పెరిగిన పిలగాడు.”

“ఆడబిడ్డ ముచ్చట బిడ్డా,” అన్నాడు రాజలింగం కష్టంగా. “సేట్ బిడ్డ సంసారం సంగతి. ఠాణాల ఎట్ల చెప్తరు? మంది నడుమ ఆ పిల్ల పేరు తీస్తరా ఎవరన్న?”

“ఠాణాల వద్దు. నాకు చెప్పు.”

ఆయన గుహ వైపు తిరిగాడు. మళ్లీ ఆ ముఖం చూస్తున్నట్టు కళ్లు చికిలించి, సేటు మాటల్ని తన గొంతుతో చెప్పాడు.

“‘నా బిడ్డ మొఖం చూసి ఇన్నొద్దులు ఊకున్న. పోయి చెప్పు వానికి. పిల్లర్ పలిగింది నా కండ్లతోటి చూసిన. జాబర్ పిలగాడు తీస్కపోయి చూపెట్టిండు. పలిగిన పిల్లర్ మీద సున్నం పూసి, పైన ముప్పై మందిని పెట్టి నడుపుతడా? రేపు పొద్దుగాల నేనే వచ్చి పై సాంచెలన్ని బంద్ చేపిస్త.’ గంతే. తర్వాత లోపటికి పోయిన్రు. నేను గాలం సర్దుకొని పోయిన.”

దొంగతనం లేదు, ఏమీ లేదు. పొద్దున షెడ్డులో జరిగింది కూడా కొట్లాట కాదు. బెంజమిన్ సేటుకు పగిలిన పిల్లరు చూపించి, పై మగ్గాలు ఆపమని మొత్తుకున్నాడు. ఆ మోతలో మొత్తుకోవడం చూసినవాళ్లకు కొట్లాటలాగే కనిపిస్తుంది. సేటు పోయిన మూడో రోజుకే సచిన్ షెడ్డు తెరిచాడు. పై మగ్గాలు ఇప్పుడు కూడా ఆడుతున్నాయి.

సచిన్! పేరు నాలుక చివరికి రాగానే మళ్లీ గోడ అడ్డం వచ్చింది. ఆ శుక్రవారం సచిన్ కాశేలిలో బంధువుల పెళ్లిలో ఉన్నాడు. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా హాలు దాటలేదు. వందల మంది చూశారు. వాళ్లలో మల్లిక కూడా ఉంది, ఆమెకూ పిలుపు వచ్చింది కాబట్టి. వడ్డన దగ్గర నిలబడి ఆమె పళ్లెంలో ఇంకో రెండు గులాబ్‌జామూన్‌లు పెట్టించింది కూడా ఆయనే.

చేతికి అందినట్టే అంది జారిపోతోంది. ఆమె అరచేత్తో నుదురు కొట్టుకుంది. పోయి చెప్పు వానికి, అన్నాడు సేటు. అంటే ఎదురుగా ఉన్నది సచిన్ కాదు, సచిన్ పంపిన మనిషి. ఎవరు? భివండిలో సచిన్ పంపితే వెళ్లేవాళ్లు ఎంతమంది లేరు? ఒక్క వీపును పట్టుకుని ఎక్కడ వెతకాలి? సాయంత్రం ఫోన్ చేసి క్రిస్టినాకు ఏమని చెప్పాలి?

“బిడ్డా,” అన్నాడు రాజలింగం. “ముసలోడు అంటే నేనేనా?”

“ఏంది?”

“హవల్దార్ అంటున్నడు.”

మల్లిక తల తిప్పింది. అవతల వసారాలో ఓంప్రకాష్ రెండు స్తంభాల మధ్య, ఎండలో, నది వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఫోను చెవి దగ్గర ఉంది. ఇంత నీటి మోత మధ్యలో తన మాట ఎవరికి అందుతుందన్న ధీమాతో తాపీగా మాట్లాడుతున్నాడు. ఆయన పోలీసు మనిషి. జీవితంలో ఒక్కరోజు కూడా సాంచెల నడుమ నిలబడినవాడు కాదు.

“చెప్పు కాకా. ఏమంటున్నడో చెప్పు.” ఆయన కళ్లకు ఎదురుగా వంగి అడిగి, పక్కకు జరిగి, ఆమె ఫోను ఆయన నోటి దగ్గర పట్టి రికార్డింగు నొక్కింది.

రాజలింగం ఆ ముఖం మీంచి చూపు తిప్పకుండా, ఎవరి సంగతో చెప్తున్నట్టు, ఎత్తూ పల్లం లేని గొంతుతో ఒక్కో ముక్కే అందించాడు.

“‘లేదు సచిన్ సేట్, గా పొల్లకు ఏం తెల్వది… కడిగిన తావు చూసింది… చూడని, ఎవలింటరు… ముసలోడు నా చేతులనే ఉన్నడు… రేపు ఒక్కసారి చెప్తే అయిపాయె…’”

ఓంప్రకాష్ అవతలి మాట వింటూ తల ఊపాడు. మళ్లీ పెదవులు కదిలాయి.

“‘ఊరికి తోలుడు వద్దు సేట్. ఊరికి పోయినోడు మళ్ల వస్తడు… రేపటి పని అయినంక నేను చూసుకుంట. ముసలోడు రాత్రి పాళి నుంచి ఒక్కడే నడుస్తడు ఇంటికి…’”

చివరి మాట చెప్పి రాజలింగం నోరు తెరిచే ఉంచాడు. చెబుతున్నంతసేపూ అవి వట్టి మాటలు. ఇప్పుడు వాటి అర్థం ఆయన ముఖంలోకి మెల్లగా ఎక్కింది. మల్లిక ఆయన చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

ఓంప్రకాష్ ఊరికే అలా చూపు తిప్పి వీళ్లవైపు చూశాడు. మల్లిక చూపు తప్పించి ఉండాల్సింది, కానీ తప్పించలేదు. ఇద్దరూ రెప్ప వేయకుండా తన మూతి వైపే చూడటం, తాను ఆగినచోటల్లా ముసలాయన పెదవులు కదలడం ఆయన చూశాడు. మాట మధ్యలో ఆగిపోయాడు. ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఫోను చెవి నుంచి తీయకుండానే గిర్రున అటు తిరిగి, మిగతా మాట గుహలోకి చెప్పసాగాడు.

ఇప్పుడు ఇటువైపు కనిపిస్తున్నది ఆయన వీపు ఒక్కటే. ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంది. ఖాళీ చెయ్యి వెనక్కి పోయి, నడుము మీద పిడికిలి బిగించి ఆగింది.

రాజలింగం బండ మీంచి లేచి నిలబడ్డాడు. పల్లీల పొట్లం జారి నీళ్లలో పడింది.

“బిడ్డా, సాంచెల నడుమ ఒకని ఎనుక ఒకలం నిలవడి పని చేస్తం,” అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు చాలా చిన్నగా వచ్చింది. “పొద్దంత చూసెది వీపులే. మొఖం మరిచిపోత గని వీపు మరువ.”

అవతల ఓంప్రకాష్ ఫోను జేబులో వేసుకున్నాడు. ఇటు తిరగకుండానే, తొందర లేకుండా, ఆనకట్ట వైపు మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

“గా దినం సేట్ ముందట నిలవడ్డది గదే వీపు.”